ఆ కాయితం మీద ఇప్పుడే సంతకం పెట్టొద్దని చెప్పండి

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లో, డాలస్ దగ్గర ఎం.ఎస్. రెండో సెమిస్టరు చదువుతున్నాడు. పోయిన నెల ఒక పెద్ద స్టోరులో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చెయ్యకుండా సంచీలో వేసుకున్నాడని పట్టుకున్నారు. 130 డాలర్ల సరుకట. పోలీసులొచ్చి బేడీలు వేసి తీసుకెళ్ళారు. రాత్రంతా జైల్లో ఉంచారు. మర్నాడు ఫ్రెండ్స్ బాండు కడితే వదిలారు. ఇప్పుడు లాయరు "డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకో, కొన్ని నెలలు బుద్ధిగా ఉంటే కేసు కొట్టేస్తారు, శిక్ష పడినట్టే కాదు" అంటున్నాడట. వచ్చే వారం సంతకం పెట్టాలట. షాపువాళ్ళకి రెండింతలు డబ్బు కట్టి కేసు వెనక్కి తీసుకోమని అడుగుదాం, కాదంటే టికెట్ కొని వాణ్ని వెంటనే వచ్చెయ్యమందాం అని మా మరిది అంటున్నాడు. 24 లక్షల లోను ఉంది. మా ఆయనకి ఇంకా చెప్పలేదు. ఏం చెయ్యమంటారు?
ఒక తల్లి, ఖమ్మం

సమాధానం:

అమ్మా,

ఇంత కంగారులోనూ వివరాలన్నీ రాశారు, మంచి పని చేశారు. జవాబు ముందే చెప్పేస్తాను. వచ్చే వారం మీ అబ్బాయి ఆ కాయితం మీద సంతకం పెట్టకూడదు. ఇమిగ్రేషన్ కేసులు చూసే లాయరు ఒకరు ఆ కాయితాలన్నీ చదివి సరేననేదాకా పెట్టకూడదు. ఇప్పుడున్న లాయరు క్రిమినల్ కేసు చూసే మనిషి. ఇది వేరే లాయరు చెయ్యాల్సిన పని. సంతకం పెట్టకపోతే మళ్ళీ జైల్లో వేస్తారేమో అని భయపడకండి. మీవాడు బాండు మీద బయట ఉన్నాడు. కోర్టు తేదీకి తప్పకుండా హాజరై, లాయరు ద్వారా మరికొంత గడువు అడిగితే మామూలుగా ఇస్తారు. దాన్ని అక్కడ 'రీసెట్' అంటారు.

నేను టెక్సాస్ కోర్టుల్లో తెలుగువాళ్ళకి దుబాసీగా పనిచేస్తాను. లాయర్ని కాను. అందుకని ఇక్కడ రాసేదాన్ని తీర్పుగా తీసుకోకండి. లాయర్ని ఏమేం అడగాలో, ఎందుకు అడగాలో తెలియడానికి రాస్తున్నాను.

మీవాడి లాయరు అబద్ధం చెప్పలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం ఆయన చెప్పింది నిజమే. డిఫర్డ్ అడ్జుడికేషన్‌లో ముద్దాయి జడ్జి ముందు నిలబడి 'గిల్టీ' (నేరం ఒప్పుకుంటున్నాను) అనో, 'నో కాంటెస్ట్' (ఒప్పుకోను, కానీ వాదించను) అనో అంటాడు. జడ్జి అతన్ని దోషిగా ప్రకటించకుండా ఆ ముక్క పక్కనపెట్టి, కొన్నాళ్ళు ప్రొబేషన్‌లో, అంటే షరతుల మీద కోర్టు నిఘాలో, ఉంచుతాడు. ఫీజులు కట్టాలి, క్లాసులకి వెళ్ళాలి, కమ్యూనిటీ సర్వీసు చెయ్యాలి. అవన్నీ సరిగా పూర్తిచేస్తే కేసు కొట్టేస్తారు. అమెరికా పౌరుడికి ఇది మంచి బేరమే.

మీవాడు పౌరుడు కాదు, ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నాడు. వీసాల సంగతి చూసేది ఫెడరల్ ప్రభుత్వం, దానికి టెక్సాస్ లెక్కలతో పనిలేదు. 'కన్విక్షన్' (దోషిగా తేలడం) అంటే ఏమిటో ఇమిగ్రేషన్ చట్టంలో విడిగా రాసుకున్నారు. 1996లో అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) చేసిన మార్పు అది. ముద్దాయి గిల్టీ అన్నా, నో కాంటెస్ట్ అన్నా, నేరం రుజువయ్యేందుకు సరిపడా విషయాలు ఒప్పుకున్నా, దాని మీద జడ్జి ఏ కొంచెం శిక్షో ఆంక్షో విధిస్తే చాలు, ఇమిగ్రేషన్ దృష్టిలో అతను దోషే. ప్రొబేషన్ కూడా ఆంక్షే. ఆ తర్వాత రాష్ట్రం కేసు కొట్టేసినా, రికార్డు మూసేసినా ఫెడరల్ లెక్కలో అది అలాగే ఉంటుంది. "శిక్ష పడినట్టే కాదు" అన్న మాట టెక్సాస్ సరిహద్దు దాకానే చెల్లుతుందన్న మాట.

ఇక ఎంత నష్టం జరుగుతుందన్నది. మిమ్మల్ని అనవసరంగా భయపెట్టడం నాకిష్టం లేదు కాబట్టి లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. టెక్సాస్‌లో దొంగతనం కేసుకి సరుకు విలువే కొలబద్ద. 100 డాలర్ల లోపయితే క్లాస్ సి, 500 డాలర్ల దాకా జరిమానాతో పోతుంది. 100 నుంచి 750 లోపు క్లాస్ బి, 180 రోజుల దాకా జైలు వెయ్యొచ్చు. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ, ఏడాది దాకా జైలు. ఆ పైన ఫెలొనీ, అంటే పెద్ద నేరం. ఇమిగ్రేషన్ చట్టం దొంగతనాన్ని సాధారణంగా నైతిక పతనంతో కూడిన నేరాల్లో కలుపుతుంది. దేశంలో అడుగుపెట్టిన ఐదేళ్ళలోపు అలాంటి నేరం చేసి, దానికి ఏడాదో అంతకన్నా ఎక్కువో జైలు పడే వీలుంటే అతన్ని దేశం నుంచి పంపించెయ్యొచ్చు. నిజంగా ఎన్ని రోజులు పడిందని చూడరు, చట్టంలో ఎంత దాకా వెయ్యొచ్చని రాసి ఉందో అదే చూస్తారు.

మీవాడిది 130 డాలర్లే అయితే క్లాస్ బి. ఆ ఒక్క కేసుతో ఈ నిబంధన కింద పంపించెయ్యడం కుదరదు. ఇది మీకు నిజమైన ఊరట. కానీ అది మొదటిదిగా లెక్కలో పడి ఉంటుంది. జీవితంలో ఇంకెప్పుడైనా అలాంటిదే రెండోది పడితే, అప్పటికి గ్రీన్‌కార్డు వచ్చి ఉన్నాసరే, పంపించేసే దారి తెరుచుకుంటుంది.

ఇంకో సంగతి. 130 అన్న అంకె పెరిగే వీలుంది. పెద్ద స్టోర్లలో సెల్ఫ్ చెకౌట్ పైన కెమెరాలుంటాయి, వీడియోలు దాచి ఉంచుతారు. పాత వీడియోలు తిరగేసి అదే మనిషి ఇంతకుముందు కూడా ఇలా చేశాడని తేలితే, అన్ని సార్ల విలువా కలిపి ఒకే నేరంగా పెట్టే వీలు టెక్సాస్ చట్టంలో ఉంది. అలా కలిపితే 750 దాటడం పెద్ద కష్టం కాదు. అందుకే ఛార్జి కాయితంలో ఏ క్లాస్ అని రాసిందో, విలువ ఎంతని రాసిందో లాయరు ముందు చూడాలి. ఇంతకుముందు ఎప్పుడైనా చేశావా అని మీవాణ్ని అడగాల్సింది కూడా లాయరే, మీరు కాదు.

మీరెందుకు అడగకూడదో చెబుతాను. లాయరుకి చేసేవి తప్ప, జైలు నుంచి చేసే ఫోన్లు మామూలుగా రికార్డవుతాయి. తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ అర్థం కాదని మనవాళ్ళు ధైర్యంగా మాట్లాడేస్తారు. ఆ రికార్డులు ఇంగ్లీషులోకి మార్చి ఇవ్వడానికి నాలాంటి వాళ్ళున్నారు. వాట్సాప్‌లో రాసుకున్నవీ సాక్ష్యాలవుతాయి. లాయరుతో మాట్లాడే మాటలకి చట్టం రక్ష ఇస్తుంది, తల్లితో మాట్లాడే మాటలకి ఇవ్వదు. లాయరుతో కాల్‌లో మీరు కూడా కూర్చుంటే ఆ రక్ష పోయే ప్రమాదం ఉంది. కాబట్టి కొడుకుతో మాట్లాడండి, రోజూ మాట్లాడండి. తిండి గురించి, నిద్ర గురించి, చదువు గురించి మాట్లాడండి. ఆ రోజు స్టోరులో ఏం జరిగిందన్నది మాత్రం ఎత్తకండి.

స్టోరువాళ్ళు వెనక గదిలో కూర్చోబెట్టినప్పుడు ఏదైనా కాయితం మీద సంతకం పెట్టాడేమో లాయరు కనుక్కోవాలి. మామూలుగా జరిగేది ఇది. కుర్రాడు గేటు దాటేదాకా ఆగి, సెక్యూరిటీవాళ్ళు పక్కకి పిలిచి, లోపలి గదిలో కుర్చీ వేస్తారు. బల్ల మీద సరుకులు వరసగా పెట్టి ఫోటో తీస్తారు. ఒక కాయితం ఇచ్చి ఇక్కడ సంతకం పెట్టమంటారు. అందులో మళ్ళీ ఈ స్టోరుకి రానని ఒక ముక్క ఉంటుంది. దాని కిందనే ఫలానా వస్తువులు డబ్బు కట్టకుండా తీసుకున్నానని ఇంకో ముక్క ఉండొచ్చు. సంతకం పెడితే వదిలేస్తారనుకుని కుర్రాడు పెట్టేస్తాడు. మౌనంగా ఉండే హక్కుంది, లాయర్ని పెట్టుకునే హక్కుంది అని ముందే చెప్పి తీరాలని 1966లో అమెరికా సుప్రీంకోర్టు మిరాండా కేసులో అన్నది పోలీసుల గురించి. స్టోరు సెక్యూరిటీవాళ్ళకి ఆ నియమం వర్తించదు. కస్టడీలో ఉన్నవాణ్ని పోలీసులు ఏ హెచ్చరికా లేకుండా ప్రశ్నిస్తే ఆ జవాబుల మీద లాయరు అభ్యంతరం చెప్పగలడు. వెనక గదిలో స్టోరువాళ్ళకి చెప్పిన మాటలు మాత్రం నేరుగా ఫైల్లోకి వెళతాయి.

మీ మరిదిగారి సలహా గురించి. మన దగ్గర చిన్న దొంగతనం కేసుల్లో సొత్తు యజమాని రాజీపడితే కేసు ఆగే వీలు చట్టంలోనే ఉంది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అయితే, 5,000 రూపాయల లోపు సొత్తు మొదటిసారి దొంగిలించి తిరిగి ఇచ్చేసినవాడికి సమాజసేవే శిక్ష. ఆయన ఆ దృష్టితో చెప్పుంటారు. టెక్సాస్‌లో ఈ కేసు స్టోరుది కాదు, రాష్ట్రానిది. కాయితం మీద 'స్టేట్ ఆఫ్ టెక్సాస్ వర్సెస్' అని ఉంటుంది. నడపాలా ఆపాలా అన్నది ప్రాసిక్యూటర్ (ప్రభుత్వం తరఫు లాయరు) ఇష్టం. ఆ ప్రాసిక్యూటర్ల పై అధికారీ, కేసు వినే జడ్జీ ఇద్దరూ అక్కడ మామూలుగా ఓట్లతో గెలిచి వచ్చేవాళ్ళే. మీరు సొంతంగా స్టోరువాళ్ళకి డబ్బు ఇవ్వజూపి కేసు మానుకోమని అడిగితే, సాక్షిని లోబరుచుకోబోయారని కొత్త కేసయ్యే ప్రమాదం ఉంది. నష్టపరిహారం కట్టాలంటే లాయరు ద్వారానే కట్టాలి. స్టోరు తరఫు లాయర్ల దగ్గర్నుంచి ఇంత కట్టమని ఉత్తరం కూడా రావచ్చు. అది సివిల్ వ్యవహారం. కట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు పోదు.

టికెట్ కొని వచ్చెయ్యమనడం అన్నిటికన్నా చెడ్డ సలహా. కోర్టు తేదీకి రాకపోతే వారెంటు పడుతుంది, ఫ్రెండ్స్ కట్టిన బాండు పోతుంది, చెప్పకుండా పారిపోయినందుకు ఇంకో నేరం చేరుతుంది. ఆ వారెంటు ఏళ్ళ తరబడి కంప్యూటర్లలో అలాగే ఉంటుంది.

సంతకం విషయానికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే నా మనసంతా అక్కడే ఉంది. అమెరికాలో నేరానికి శిక్షంటే జ్యూరీ, వాదోపవాదాలు అని మనం అనుకుంటాం. నిజానికి విచారణ దాకా వెళ్ళే కేసులు బహు తక్కువ. 2012లో సుప్రీంకోర్టే ఒక తీర్పులో రాసింది, ఫెడరల్ కోర్టుల్లో పడిన శిక్షల్లో 97 శాతం, రాష్ట్రాల కోర్టుల్లో 94 శాతం ముద్దాయిలు నేరం ఒప్పుకోగా పడినవేనని. చిన్న కేసులు చూసే కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టులో ఒక ఉదయం గడిపితే ఇది కళ్ళారా కనబడుతుంది. కారిడార్‌లో బెంచీ మీద లాయరు ఐదు నిమిషాలు మాట్లాడతాడు. ప్రాసిక్యూటర్ చేతిలో ఫైళ్ళ దొంతర ఉంటుంది, ఇంత ఇస్తాం అంటాడు. అచ్చు కాయితం వస్తుంది. ప్రతి లైను పక్కనా పొట్టి సంతకం పెట్టాలి. 'నువ్వు అమెరికా పౌరుడివి కాకపోతే దీనివల్ల నిన్ను దేశం నుంచి పంపించెయ్యొచ్చు' అని ఆ లైన్లలోనే ఒకటి ఉంటుంది. యాప్ దించుకునేటప్పుడు షరతులు చదవకుండా నొక్కుకుంటూ పోయినట్టు మన పిల్లలు దాని పక్కనా సంతకం పెట్టేస్తారు. దుబాసీగా ఆ లైను నేను తెలుగులో నిదానంగా, స్పష్టంగా చదువుతాను. అంతకుమించి ఒక్క మాట కూడా నేను అనకూడదు. ఈ ఉత్తరంలో ఇంత రాయడానికి అదొక కారణం.

అందరూ ఎందుకు ఒప్పుకుంటారంటే, ఒప్పుకోకపోతే ఏమవుతుందో చూశారు కాబట్టి. 2010లో న్యూయార్కులో కలీఫ్ బ్రౌడర్ అనే పదహారేళ్ళ పిల్లవాణ్ని బ్యాక్‌ప్యాక్ దొంగిలించాడని పట్టుకున్నారు. బెయిలు 3,000 డాలర్లు, ఇంట్లోవాళ్ళు కట్టలేకపోయారు. చెయ్యని తప్పు ఒప్పుకోనని అతను మొండికేశాడు. విచారణ లేకుండా మూడేళ్ళు రైకర్స్ ఐలండ్ జైల్లో ఉంచారు, అందులో చాలా భాగం ఒంటరి గదిలో. చివరికి 2013లో కేసు కొట్టేశారు. ఆ మూడేళ్ళ దెబ్బ నుంచి అతను మళ్ళీ కోలుకోలేదు. దాదాపు 20 లక్షల మంది జైళ్ళలో ఉన్న దేశం అది. లోపల ఉన్నవాడు బయటపడాలని దేనికైనా సంతకం పెడతాడు, అతన్ని తప్పుబట్టలేం. మీవాడు బయట ఉన్నాడమ్మా. ఆగి ఆలోచించుకునే వీలు అతనికుంది. దాన్ని తొందరపడి పోగొట్టుకోనివ్వకండి.

లాయర్ని ఇలా నిలదీసి అడగొచ్చా అని సందేహం వద్దు. హోసే పడీయా అని హోండురాస్‌లో పుట్టిన లారీ డ్రైవరు. నలభై ఏళ్ళకి పైగా గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, వియత్నాం యుద్ధంలో అమెరికా తరఫున పనిచేశాడు. గంజాయి రవాణా కేసులో, ఇన్నేళ్ళుగా ఇక్కడున్నావు కాబట్టి ఇమిగ్రేషన్ గురించి బెంగ పెట్టుకోకని లాయరు చెబితే నేరం ఒప్పుకున్నాడు. తీరా చూస్తే ఆ నేరానికి దేశబహిష్కారం దాదాపు ఖాయం. అతని కేసులోనే 2010లో సుప్రీంకోర్టు తేల్చింది, ముద్దాయి పౌరుడు కాకపోతే నేరం ఒప్పుకోవడం వల్ల ఇమిగ్రేషన్‌లో ఏమవుతుందో చెప్పడం లాయరు విధి అని. మీవాడు అడిగేది దయ కాదు, హక్కు.

ఏం అడగాలంటే, ప్రీట్రయల్ డైవర్షన్, అంటే జడ్జి ముందు గిల్టీ అనాల్సిన అవసరం లేకుండా షరతులు పూర్తిచేసి కేసు కొట్టేయించుకునే పద్ధతి, ఈ కౌంటీలో దొరుకుతుందా అని. మొదటిసారి చిన్న తప్పు చేసినవాళ్ళకి టెక్సాస్‌లో చాలా కౌంటీలు ఇది ఇస్తాయి, ఒక్కోదానిది ఒక్కో పద్ధతి. ఇందులోనూ ఒక మెలిక ఉంది. కొన్నిచోట్ల చేరే ముందే నేను ఫలానాది చేశానని రాతపూర్వకంగా ఒప్పుకోమంటారు. ఆ ఒప్పుకోలు ఇమిగ్రేషన్ దగ్గర ఎలా చదవబడుతుందో సంతకానికి ముందే ఇమిగ్రేషన్ లాయరు చెప్పాలి. డైవర్షన్ దొరక్కపోతే, దొంగతనం కాని వేరే చిన్న నేరంగా ఛార్జి మార్చగలరా అని బేరమాడొచ్చు. ఇమిగ్రేషన్ లాయరుకి కొన్ని వందల డాలర్లు అవుతాయి. లోను భారంలో అది ఎంత బరువో నాకు తెలుసు, అయినా ఇది ఆదా చేసే చోటు కాదు.

కోర్టులో అంతా బాగా జరిగినా వీసా సంగతి వేరుగా ఉంటుంది. అరెస్టయితే చాలు, శిక్ష పడకపోయినా వీసా రద్దు చేసే అధికారం విదేశాంగ శాఖకి ఉంది. 2025 వసంతంలో పోలీసు రికార్డులతో పోల్చి చూసి వేల మంది విద్యార్థుల సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం పెట్టే కంప్యూటర్ రికార్డులు) ఒక్కసారిగా తీసేశారు. అందులో కేసు ఎప్పుడో కొట్టేసినవాళ్ళూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఏప్రిల్ చివర్లో తిరిగి పెట్టారు. ఆ జులైలో భారత్‌లోని అమెరికా ఎంబసీ దొంగతనం, దాడి లాంటివి చేస్తే వీసా పోవచ్చని బాహాటంగా ప్రకటించింది. అందుకని కేసు తేలేదాకా, తేలాక కూడా, లాయర్ని అడగకుండా దేశం దాటొద్దనండి. పెళ్ళి ఉందన్నా, పండగన్నా రప్పించకండి. ఇక ముందు వీసా ఫారం నింపే ప్రతిసారీ ఎప్పుడైనా అరెస్టయ్యావా అన్న ప్రశ్న వస్తుంది. కేసు కొట్టేసినా, రికార్డు చెరిపేసినా 'అవును' అనే రాయాలి. ఏజెంట్లు 'కాదు' అని కొట్టెయ్యమంటారు. వినొద్దు. చిన్న దొంగతనాన్ని దాటుకుని వీసా తెచ్చుకున్నవాళ్ళుంటారు. అబద్ధం బయటపడితే మాత్రం తలుపు జీవితాంతం మూసుకుపోవచ్చు.

మీవాడు తప్పు చేశాడో, హడావిడిలో స్కాన్ చెయ్యడం మరిచాడో నాకు తెలియదు. చేసి ఉంటే అది తప్పే, దానికి తగిన బాధ్యత అతను తీసుకోవాలి. కానీ 130 డాలర్లకి చదువు, అప్పు, పదేళ్ళ భవిష్యత్తు అన్నీ పోవడం తగిన శిక్ష అని నేను ఏనాడూ అనుకోలేదు. మనవాళ్ళలో ఇది మరీ త్వరగా జరగడానికి సిగ్గు పెద్ద కారణం. ఊళ్ళో ఎవరికీ తెలియకముందే ముగించెయ్యాలని తొందరపడి సంతకం పెట్టేస్తారు. మీ ఆయనకి ఈ రాత్రే చెప్పండి. డబ్బు సర్దాలన్నా, ధైర్యం చెప్పాలన్నా ఇద్దరూ కావాలి. కొడుకుతో ఫోన్లో కేకలు వెయ్యననే మాట ముందే తీసుకోండి. ఇలాంటి రోజుల్లో ఈ వయసు పిల్లలు ఒంటరిగా గదిలో ఉండకూడదు. రూమ్మేట్లలో ఒకరికి చెప్పి కనిపెట్టుకుని ఉండమనండి. మనసు మరీ కుంగితే అమెరికాలో 988కి ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు.

రేపు పొద్దున్నే లాయరుకి మీవాడు ఈమెయిల్ పెట్టాలి, ఫోన్ చాలదు. అందులో ఇంత ఉంటే చాలు: "నేను ఎఫ్-1 వీసా మీద ఉన్నాను. ఇమిగ్రేషన్ లాయర్ని సంప్రదించేదాకా గిల్టీ కానీ, నో కాంటెస్ట్ కానీ చెప్పను. దయచేసి కేసు రీసెట్ చేయించండి. ఛార్జి కాయితం, పోలీసు రిపోర్టు, స్టోరులో నేను సంతకం పెట్టినవి ఏవైనా ఉంటే వాటి కాపీలు పంపండి. డిఫర్డ్ అడ్జుడికేషన్ తీసుకుంటే నా వీసాకి ఏమవుతుందో రాతపూర్వకంగా చెప్పండి."